వీడియోలో ఖడ్గచిత్రం: ‘డ్రాగన్ ఇన్’, తెలుగు జానపదం

కింగ్ హూ దర్శకత్వంలో 1967లో తైవాన్‌లో నిర్మితమైన ‘డ్రాగన్ ఇన్’ ఖడ్గచిత్రాల చరిత్రలో ఒక మలుపు అన్నది చలనచిత్ర చరిత్రకారులు తరచు చెప్పే మాట. ఆ మాటను విన్నవారు ఎందరో ఉన్నారు కాని ఆ చిత్రాన్ని దర్శకుడు తీసినది తీసినట్లుగా చూసినవారు బహు కొద్దిమంది. థియేటర్ల నుండి ప్రింట్లు తొలగిపోయిన తరువాత అది ముఖ్యంగా వీడియో టేపుల రూపంలోను, ఆ తరువాత నాసిరకం డిస్కుల రూపంలోను బతికింది. 2013లో పునరుద్ధరణ జరిగేవరకు దానిపై ఏర్పడిన అభిప్రాయాలలో పెద్దభాగం ఆ ప్రతులను చూసి ఏర్పడినవే. ప్రతి దోషం ఏది, కృతి దోషం ఏది అని వేరుచేసి చూడకుండా చేసిన విమర్శ ఎంతవరకు చెల్లుతుందన్న ప్రశ్న ఈ చిత్రం విషయంలో తప్పించుకోరానిది. తెలుగువారి జానపద చిత్రాల విషయంలోనూ ఇదే ప్రశ్న మరొక రూపంలో ఎదురవుతుంది.

చైనీయులు ఈ కోవ కథలను ‘వూషియా’ అంటారు. ‘వూ’ అంటే యుద్ధవిద్య. ‘షియా’ అంటే ధర్మం కోసం ఆయుధం పట్టిన వీరుడు. రాజు కొలువులో లేకపోయినా, రాజాజ్ఞకు విరుద్ధంగానైనా న్యాయం పక్షాన నిలబడేవాడు షియా. తెలుగు జానపదంలో అడవిలో పెరిగి, ఆలస్యంగా తన రాచపుట్టుక తెలుసుకునే కథానాయకునికీ ఇతనికీ పోలిక ఉన్నట్టే ఉంటుంది కాని, తేడా పెద్దది. మన కథానాయకుడు చివరకు సింహాసనమెక్కుతాడు. షియా మాత్రం పని ముగించుకొని వెళ్లిపోతాడు. ఈ కోవకు నష్టం కొత్త కాదు. షాంఘైలో 1928 నుండి 1931 వరకు పలు భాగాలుగా వచ్చి జనాన్ని ఉర్రూతలూగించిన ‘ఎర్ర తామర ఆలయ దహనం’ మొత్తంగా కాలగర్భంలో కలిసింది. మూఢనమ్మకాలను పెంచుతున్నాయన్న కారణంతో నాటి జాతీయవాద ప్రభుత్వం ఆ తరహా చిత్రాలను నిషేధించింది కూడ. ప్రభుత్వాలు నిషేధించిన చిత్రాలు ఎక్కడో ఒకచోట మిగులుతాయి. ఎవరూ పట్టించుకోని చిత్రాలకు ఆ అదృష్టమూ తక్కువే.

కింగ్ హూ 1932లో బీజింగ్‌లో జన్మించి, 1949లో హాంకాంగ్ చేరాడు. చిత్రరంగంలో అతని తొలి అనుభవం కళావిభాగంలోనిది. గోడ ఎక్కడుండాలి, మెట్లు ఎటు దిగాలి, బల్లకూ ద్వారానికీ మధ్య ఎన్ని అడుగులుండాలి అనే ఆలోచన అతనికి మొదటి నుండి అలవడిన విద్య. షా బ్రదర్స్ సంస్థకు 1966లో అతను తీసిన ‘కమ్ డ్రింక్ విత్ మీ’లో నృత్యశిక్షణ పొందిన చెంగ్ పెయ్ పెయ్ ఖడ్గధారిణిగా కనిపించింది. ఆ చిత్రం విజయం సాధించినా, సంస్థ పద్ధతులతో పొసగక కింగ్ హూ తైవాన్ వెళ్లాడు. అక్కడ యూనియన్ ఫిల్మ్ సంస్థకు తీసిన తొలి చిత్రమే ‘డ్రాగన్ ఇన్’.

కథ పొట్టిది. క్రీ.శ. 1457లో, మింగ్ వంశపాలనలో, యూ చియెన్ అనే నిజాయితీపరుడైన మంత్రి మరణదండనకు గురౌతాడు. ఇది చరిత్రకెక్కిన సంఘటన. చిత్రంలో ఆ దండన వెనుక ఉన్నవాడు నపుంసక రాజోద్యోగి త్సావ్. మంత్రి సంతానాన్ని సరిహద్దుకు ప్రవాసం పంపి, దారిలో మట్టుపెట్టాలని అతని గూఢచారి దళం డ్రాగన్ గేట్ దగ్గరున్న పూటకూళ్ల సత్రాన్ని ఆక్రమిస్తుంది. ఆ సత్రానికి షియావ్ అనే ఒంటరి బాటసారి వస్తాడు. తరువాత ఒక అన్న, మగవేషంలో ఉన్న అతని చెల్లెలు వస్తారు. ఎవరు ఎవరి పక్షమో తెలియని స్థితిలో కొంతసేపు అందరూ అతిమర్యాదగా భోజనం చేస్తారు. ఈ మర్యాదలోనే చిత్రానికి ప్రాణమున్నది. కత్తులు బయటికి రావడానికి ముందున్న ఆ నిరీక్షణను కింగ్ హూ సాగదీసినంతగా మరొకరు సాగదీయలేదనవచ్చు.

షియావ్ పాత్రధారి షి చున్ సత్రంలో ప్రవేశించే ఘట్టం ప్రసిద్ధమైనది. శత్రువులు కయ్యానికి కాలు దువ్వుతారు, అతను కోపగించడు. వచ్చిన బాణాన్ని మద్యపు కూజాతో పట్టుకుంటాడు. సేమ్యా గిన్నెను గదికి అడ్డంగా విసిరితే అది చుక్క ఒలకకుండా అవతలి బల్లపై నిలుస్తుంది. దీనిని చమత్కారమనుకొని నవ్వి వదిలేయవచ్చు. కాని ఆ గిన్నె ప్రయాణించిన దూరమే ఆ దృశ్యానికి అర్థం. ఒక అంచున విసిరినవాడు, మరొక అంచున అందుకోవలసిన బల్ల, నడుమ నిశ్శబ్దంగా చూస్తున్న శత్రువులు: ఇదంతా ఒకే విశాలమైన చట్రంలో ఉంటేనే చుక్క ఒలకలేదన్న మాటకు విలువ. చిత్రం సినిమాస్కోప్‌లో తీసినది; వెడల్పు ఎత్తుకు రెండింతలకు పైన. పాత టెలివిజన్ తెర వెడల్పు ఎత్తు కంటే మూడో వంతు మాత్రమే ఎక్కువ. ఆ తెరను నింపడానికి ఇరుపక్కలా కోస్తే బొమ్మలో నూటికి నలభైకి పైగా భాగం పోతుంది. అప్పుడు మిగిలేది విసిరేవాని చేయి, తరువాత ఎక్కడి నుండో ఊడిపడ్డ గిన్నె. దర్శకుడు కొలిచి పెట్టిన దూరం అసలు లేనే లేదు. కొన్ని ప్రతులలో టేపు తయారుచేసినవారే తమ ఇష్టం వచ్చినట్లు బొమ్మను అటూ ఇటూ జరిపేవారు. కెమెరా కదలని చోట కదిలినట్లు కనబడేది. మరికొన్నిట మాట్లాడుకునే ఇద్దరిలో ఎవరో ఒకరే మిగిలేవారు, రెండవవాని ముక్కు మాత్రం అంచున తొంగిచూసేది. ద్వంద్వయుద్ధంలో ఒక యోధుడు తెర బయట ఉండి యుద్ధం చేయడం వీడియో యుగం ఖడ్గచిత్రానికి ఇచ్చిన కానుక.

కూర్పు విషయం మరింత సున్నితమైనది. కింగ్ హూ యోధుల చేత నమ్మదగనంత ఎత్తుకు గెంతులు వేయిస్తాడు, కాని వాటిని పూర్తిగా చూపడు. లేచే క్షణం ఒక తునక, గాలిలో తేలే వస్త్రం మరొక తునక, నేలను తాకిన పాదం ఇంకొక తునక. ఈ తునకలు కొన్ని సెకనులో చిన్న భాగం మాత్రమే నిలుస్తాయి. అమెరికన్ చలనచిత్ర విద్వాంసుడు డేవిడ్ బోర్డ్‌వెల్ ఈ పద్ధతిని గురించి విపులంగా రాస్తూ, కంటికి పూర్తిగా అందకపోవడమే ఇక్కడ బలమని వివరించాడు. ఖడ్గవీరుని వేగం మన చూపుకంటే ఎక్కువ కాబట్టి మనకు లిప్తపాటు మాత్రమే దక్కుతుంది. పోరాటాలను కూర్చిన హాన్ యింగ్‌చియె బీజింగ్ ఒపేరా శిక్షణ నుండి వచ్చినవాడు. ఆ రంగస్థలపు తాళవాద్యాలు, చెక్క చిటికెల దెబ్బలు యుద్ధాల వెంట వినిపిస్తూ, ఎప్పుడు ఆగాలో ఎప్పుడు దూకాలో నిర్ణయిస్తాయి. చివరి పోరులో ఉబ్బసంతో రొప్పే త్సావ్ చుట్టూ కథానాయకులు పరుగులు తీసి అతని తల తిరిగేలా చేస్తారు. చెట్లు గిర్రున తిరిగే బొమ్మలు అతని కళ్లతో చూసినవి.

వీడియో ఈ లిప్తపాటులకు రెండు విధాలుగా హాని చేసింది. మొదటిది, టేపు మీద వేగమైన కదలిక అలుక్కుపోయి మరకగా మారుతుంది. పదును ఉన్న చోట లిప్తపాటు దృశ్యం మెరుపులా తోస్తుంది; పదును పోతే అది కూర్పులో తడబాటుగా కనిపిస్తుంది. రెండవది సాధారణంగా ఎవరి దృష్టికీ రానిది. సినిమా సెకనుకు 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. మన దేశంలో వాడుకలో ఉన్న పాల్ టెలివిజన్ పద్ధతి సెకనుకు 25 కోరుతుంది. మామూలుగా చిత్రాన్ని కొంచెం తొందరగా నడిపి సరిపెడతారు. అందువల్ల 111 నిమిషాల ‘డ్రాగన్ ఇన్’ ఒక్క బొమ్మ కూడ కోయకుండానే నాలుగు నిమిషాలకు పైగా కురచనవుతుంది, తాళవాద్యాల శ్రుతి పెరుగుతుంది. అట్టపై అచ్చయిన నిడివి చూసి కత్తిరింపు జరిగిందని ఆరోపించేవారూ ఉన్నారు, నిజంగా కత్తిరించిన ప్రతిని పూర్తి ప్రతిగా అమ్మేవారూ ఉన్నారు.

వీడియో వల్ల లాభం లేదనడం అన్యాయమవుతుంది. థియేటరులో ఒక్కసారి మెరిసి మాయమైన గెంతును ఆపి, వెనక్కు తిప్పి, తునక తునకగా చూసే అవకాశం విద్యార్థికి తొలిసారి ఇచ్చింది టేపే. కింగ్ హూ కూర్పు రహస్యం ప్రపంచానికి తెలియడంలో ఆ మీట పాత్ర తక్కువది కాదు. చిత్రంలో సగం దాచిన యంత్రమే మిగిలిన సగాన్ని విప్పి చూపించిందన్నమాట.

మన దేశంలో 1980లలో ఊరూరా వెలిసిన వీడియో పార్లర్లలో చైనా చిత్రాలన్నీ ‘కరాటే సినిమా’ అనే ఒకే పేరు మీద చెలామణి అయ్యాయి. కరాటే జపాన్ విద్య అన్న సంగతి అటుంచి, వట్టి చేతుల పోరుకూ ఖడ్గచిత్రానికీ ఉన్న తేడా కూడ ఆ పేరులో అడుగంటింది. హాంకాంగ్ పోరాట చిత్రాలు ఆంధ్రదేశంలోని చిన్న థియేటర్లలో ఎలా తిరిగాయో, తెలుగు మాస్ కథానాయకునిపై ఎటువంటి ముద్ర వేశాయో సాంస్కృతిక అధ్యయనకారుడు ఎస్.వి. శ్రీనివాస్ పరిశోధించారు. ఆ పరిశోధనలో ప్రధానమైనది బ్రూస్ లీ తరువాతి పోరాట చిత్రం. కింగ్ హూ తరహా ఖడ్గచిత్రానికి మన దగ్గర అటువంటి విస్తృత ప్రచారం దక్కలేదు. అందువల్ల దాన్ని తెలుగువాడు పోల్చుకోవలసినది తన ఇంటి ఖడ్గచిత్రంతోనే, అంటే విఠలాచార్య, కాంతారావుల జానపదంతోనే.

ఆ జానపదాన్ని కూడ ఇప్పుడు చాలామంది చూస్తున్నది చిన్న తెర మీదనే. తెలుగు రాష్ట్రాల వెలుపల ఉన్నవారి సంగతి మరీ స్పష్టం. రాయపూర్‌లోని డబ్ల్యూఆర్ఎస్ కాలనీ ఇందుకు మంచి ఉదాహరణ. రైల్వే వ్యాగన్ మరమ్మతు కర్మాగారం పేరే కాలనీ పేరైంది. 1931లో పూర్తయిన విజయనగరం–రాయపూర్ రైలుమార్గం ఉత్తరాంధ్ర జనాన్ని ఛత్తీస్‌గఢ్ వైపు నడిపించింది. ఇటువంటి రైల్వే కాలనీలలో తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. ఊళ్లో హిందీ చిత్రాల థియేటర్లున్నా, తెలుగు చిత్రం, అందునా ముప్ఫై ఏళ్ల నాటి తెలుపు నలుపు జానపదం కావాలంటే టేపో, డిస్కో, దూరదర్శన్ ఆదివారం వేసే ప్రాంతీయ చిత్రమో దిక్కు. సొంత ఊరి నుండి తిరిగి వచ్చేవారి పెట్టెలలో వచ్చే సరుకులలో సినిమా కూడ ఒకటైంది. దసరా నాడు ఆ కాలనీ మైదానంలో నిలబెట్టే రావణుణ్ణి చూడటానికి నగరమంతా కదలి వస్తుంది. అంత ఎత్తు రావణుణ్ణి ఎవరూ పెట్టెకు సరిపోయేలా కత్తిరించి చూపరు. అక్కడి పిల్లలకు ‘కత్తి కాంతారావు’ మాత్రం పద్నాలుగు అంగుళాల గాజు తెర మీదనే పరిచయమయ్యాడు.

ఇక్కడొక విశేషమున్నది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’. అంటే కాంతారావు, రాజనాల కత్తులు దూసిన 1960ల జానపదాలు టెలివిజన్ తెరకు దాదాపు సరిపోయే పాత చట్రంలోనే తయారైనవి. కింగ్ హూకు జరిగిన కోత వాటికి జరగలేదు. ‘గురువును మించిన శిష్యుడు’, ‘బందిపోటు’ (రెండూ 1963) వంటి చిత్రాలలో యోధులిద్దరూ తల నుండి కాలి దాకా చట్రంలో ఉంటారు, మెట్ల మీదికి కిందికి తరుముకుంటారు. మన దర్శకుడు తునకలుగా దాచడు, మొత్తంగా చూపుతాడు. నటుని ఒడుపే అక్కడ ముఖ్యం. కాంతారావు మణికట్టు తిప్పే తీరులోని నిలకడ, దెబ్బకూ దెబ్బకూ మధ్య కనిపించే చిరునవ్వు టేపులో కూడ చెక్కుచెదరలేదు. 1923లో గుడిబండలో పుట్టి 2009లో కన్నుమూసిన ఆ నటుని కీర్తి తరువాతి తరాలకు అందిందంటే అందుకు ఆ చదరపు చట్రం కూడ కొంత కారణం.

అయితే మన చిత్రాలకు నష్టం మరొక దారిన వచ్చింది. బి. విఠలాచార్య జానపదానికి కత్తియుద్ధం ఒక కన్నయితే మాయాదృశ్యం రెండవ కన్ను. మనిషి మాయమై పులి కావడం, తెగిన తల మాట్లాడటం, పలుమార్లు ఒకే ఫిల్మును వెలుగుకు చూపి పొరలు పొరలుగా బొమ్మ కట్టడం అతని చిత్రాలకు నిత్యకృత్యం. ‘పాతాళభైరవి’ (1951)లో మార్కస్ బార్ట్లీ, 1960లలో రవికాంత్ నగాయిచ్ ఇటువంటి పనిని తెలుగులో ఒక కళగా నిలబెట్టారు. ఈ విద్యంతా కాంతి, నీడల సూక్ష్మమైన మెట్ల మీద ఆధారపడినది. నలుపుకూ బూడిదరంగుకూ మధ్య ఉన్న మెట్లే కీలును దాచుతాయి. అరిగిన ప్రింటు నుండి మరో ప్రింటు, దాని నుండి టేపు, ఆ టేపు నుండి వీసీడీ తీస్తే ఆ మెట్లు పోతాయి. వీసీడీలో బొమ్మ మొత్తం 352 అడ్డం, 288 నిలువు చుక్కలు మాత్రమే. అప్పుడు అతుకు బయటపడుతుంది, తెగిన తల చుట్టూ తెల్లని గీత కనిపిస్తుంది, చూసేవారు నవ్వుతారు. ‘విఠలాచార్య సినిమా’ అన్నది వెక్కిరింతగా మారడంలో ఈ ప్రతుల పాత్రను విమర్శకులు తగినంతగా లెక్కించలేదు. విఠలాచార్య పొదుపరి అన్నది నిజమే, సెట్లను తిరిగి వాడుకున్నాడన్నదీ నిజమే. కాని పొదుపుకూ మొరటుతనానికీ మధ్య ఉన్న గీతను చెరిపినది వీసీడీ.

ఈ మాయలకు మూలం మన రంగస్థలంలోనే ఉన్నది. 1885లో మొదలైన సురభి నాటక సమాజాలు తెరలు, తీగల సాయంతో ప్రేక్షకుని కళ్లెదుటే అద్భుతాలు చేశాయి. బీజింగ్ ఒపేరా నుండి కింగ్ హూ తాళాన్ని తెచ్చుకున్నట్లే తెలుగు జానపదం సురభి వంటి నాటకాల నుండి ఇంద్రజాలాన్ని తెచ్చుకుంది. సురభి మాయాబజారులో తీగ కనిపించినా ప్రేక్షకుడు మన్నిస్తాడు, ఎందుకంటే నటుడు ఎదుట ఉన్నాడు. వీడియోలో కనిపించిన తీగకు ఆ మన్నింపు దొరకదు.

‘డ్రాగన్ ఇన్’కు ఈ విషయంలో అదృష్టం కలిసివచ్చింది. తైపే ఫిల్ము భాండాగారం సహకారంతో ఇటలీలోని బొలోన్యా నగరంలో లిమాజినె రిత్రొవాతా ప్రయోగశాల 2013లో చిత్రాన్ని పునరుద్ధరించింది. 2014లో కాన్ ఉత్సవంలోని ప్రాచీన చిత్రాల విభాగంలో అది ప్రదర్శితమైంది. కింగ్ హూ మరొక చిత్రం ‘ఎ టచ్ ఆఫ్ జెన్’ 1975లో అదే కాన్‌లో సాంకేతిక బహుమతి పొందినది. దాని పునరుద్ధరణ వ్యయాన్ని అందులో కథానాయికగా నటించిన షూ ఫెంగ్ స్వయంగా భరించింది. ఒక నటి తన యౌవనంలోని చిత్రానికి తానే వైద్యం చేయించిన సందర్భాలు ప్రపంచంలో అరుదు. ఇప్పుడు ఈ రెండు చిత్రాలూ పూర్తి వెడల్పుతో డిస్కులపై లభిస్తున్నాయి. మళ్లీ చూసినవారికి గిన్నె గదిని దాటిన దూరం కనిపిస్తుంది, కొండల మంచులో యోధుడు ఎంత చిన్నవాడో కనిపిస్తుంది.

పునరుద్ధరణ అన్న పేరు చూసి అంతా సవ్యమనుకోరాదు. ఎన్నో ఏళ్లు వీడియోకు అందకుండా తాళంలో ఉన్న షా బ్రదర్స్ భాండారాన్ని, సుమారు 760 చిత్రాలను, సెలెస్టియల్ పిక్చర్స్ సంస్థ కొని 2002 చివరి నుండి డిస్కులుగా విడుదల చేసింది. బొమ్మ కడిగిన ముత్యంలా వచ్చింది. కాని కొన్నిట కత్తుల చప్పుడు, సంగీతం కొత్తగా చేర్చినవి కావడం రసికులను బాధించింది. పాత కత్తికి కొత్త ఝణత్కారం తొడగడం కూడ ఒక విధమైన కోతే.

మూల ప్రదర్శనశాలల విషయం మరొకటి. తైవాన్ దర్శకుడు సాయ్ మింగ్‌లియాంగ్ 2003లో తీసిన ‘గుడ్‌బై, డ్రాగన్ ఇన్’లో మూతపడబోతున్న ఒక పాత థియేటరులో ఆఖరి ఆటగా ఇదే చిత్రం ఆడుతుంటుంది. చూసేవారు వేళ్ల మీద లెక్కించదగినవారు. వారిలో ఇద్దరు వృద్ధులు ‘డ్రాగన్ ఇన్’లో నటించిన షి చున్, మియావ్ తియెన్‌లే. తమ యౌవనాన్ని తెర మీద చూస్తూ షి చున్ కంట తడి పెడతాడు. ఆ కన్నీటికి కారణం పోయిన వయస్సొక్కటే అనుకోనక్కరలేదు. అంత వెడల్పు తెర మీద ఆ బొమ్మ మళ్లీ పడే అవకాశం ఆనాటికి ఎవరికీ కనబడలేదు.

మన జానపదాలకు షూ ఫెంగ్ ఎవరు అన్నది ప్రభుత్వ సంస్థల ముందున్న ప్రశ్న. 1964లో పుణెలో ఏర్పడిన జాతీయ ఫిల్ము భాండాగారం 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైంది. 2003లో పుణెలో జరిగిన అగ్నిప్రమాదంలో పాత నైట్రేట్ ఫిల్ములెన్నో బూడిదయ్యాయి. 1954 నాటి శాసనం ప్రకారం ప్రతి ప్రచురణకర్త పుస్తకాన్ని జాతీయ గ్రంథాలయానికి సమర్పించవలసి ఉన్నది. చలనచిత్రానికి అటువంటి సాధారణ నిబంధన లేదు. ఫలితంగా నెగెటివ్ ఎక్కడున్నదో, ఉన్నదో లేదో తేల్చడం తరచు నిర్మాత వారసుల జ్ఞాపకశక్తికి సంబంధించిన విషయంగా మిగిలిపోతోంది.

కాలం ఇంకొక మెలిక పెట్టింది. మన చట్టంలో చలనచిత్రపు హక్కులు విడుదలైన మరుసటి సంవత్సరారంభం నుండి 60 ఏళ్లు. ‘బందిపోటు’, ‘గురువును మించిన శిష్యుడు’ చిత్రాల హక్కుల గడువు 2023 డిసెంబరుతో తీరింది. వాటి తరువాతి జానపదాలు ఏటేటా ఆ వరుసలో చేరుతున్నాయి. ఇకపై ఎవరైనా వాటిని ప్రతులు తీయవచ్చు. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మి పాత చిత్రాలను సామాన్యుని ఇంటికి చేర్చినప్పుడు ధర తగ్గింది, మూలం సంగతి ఎవరూ అడగలేదు. ఇప్పుడు ధర కూడ లేదు. చేతికందిన అరిగిన ప్రతి నుండే వేయి ప్రతులు పుడతాయి. పాత గ్రంథాన్ని పరిష్కరించి ప్రచురించేవారు ఏ తాళపత్ర ప్రతిని ఆధారం చేసుకున్నారో, ఎక్కడ పాఠం లోపించిందో పీఠికలో చెప్పడం మనకు వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితుల నుండి వస్తున్న మర్యాద. ప్రభుత్వ ధనంతో గాని, ప్రభుత్వ సంస్థల ముద్రతో గాని వెలువడే ప్రతి పాత చిత్రం అట్టపై కనీసం నాలుగు సంగతులు ఉండాలి: బొమ్మ నెగెటివ్ నుండి తీసినదా ప్రింటు నుండి తీసినదా, సెన్సారు పొందిన నాటి నిడివి ఎంత, ఇప్పుడున్నది ఎంత, శబ్దాన్ని ఎవరైనా మార్చారా. సెన్సారు ధ్రువపత్రంలో నిడివి నమోదవుతుంది కనుక రెండవది కార్యాలయపు దస్త్రాలలో వెదకదగినదే.